నొప్పి పోయింది, మోకాలు కుదిరిందా?



ఈ పూట మోకాలి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. మోకాలి బాధ అనగానే అరవై దాటినవాళ్ల సంగతిలే అనుకుని రేడియో కట్టేయకండి. నేను చెప్పబోయేది అరిగిపోయిన మోకాళ్ల గురించి కాదు. సంక్రాంతికి బరిలో దిగే కబడ్డీ కుర్రాళ్ల గురించి. చందర్లపాడు నుంచి నందిగామకి రోజూ బండి మీద పోయి వచ్చేవాళ్ల గురించి. పత్తి చేలో, మిరప చేలో కూలికి వెళ్లే ఆడవాళ్ల గురించి. ఇరవై ఏళ్లకో ముప్ఫై ఏళ్లకో ఒక్క క్షణంలో మోకాలి లోపల లిగమెంటు తెగి, ఆ సంగతి తెలియకుండానే నెలల తరబడి తిరిగేవాళ్ల గురించి.

ముందే ఒక మాట చెబుతాను. ఈ పది పదిహేను నిమిషాల్లో అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి. నొప్పి తగ్గడం వేరు. మోకాలు కుదురుకోవడం వేరు.

మన మెట్ట ప్రాంతపు నేలతో మొదలుపెడదాం. చందర్లపాడు మండలానికి ఒక పక్క కృష్ణానది, గుడిమెట్ల. ఇవతలంతా నల్లరేగడి. ఈ నేల గుణం మీకు నేను చెప్పేదేముంది? వాన పడితే జిగట. అడుగు వేస్తే చెప్పు అక్కడే ఉండిపోతుంది, మనిషి మాత్రం ముందుకొస్తాడు. ఎండలు ముదిరితే నెర్రెలు. ఏమరుపాటున కాలు పెడితే పాదం దిగబడిపోతుంది. వానలో అయినా ఎండలో అయినా జరిగేది ఒకటే. పాదం ఆగిపోతుంది, ఒళ్లు తిరుగుతుంది.

మోకాలిలో లిగమెంటు తెగడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. పాదం ఆగింది. ఒళ్లు తిరిగింది. మధ్యలో నలిగింది మోకాలు.

కబడ్డీ చూడండి. కూతకి వెళ్లిన కుర్రాడు ఒకణ్ణి తాకి గీత వైపు తిరిగాడు. వెనక నుంచి ఎవడో చీలమండ పట్టాడు. పాదం వాడి చేతిలో ఉంది. ఒళ్లేమో గీత వైపు తిరిగిపోయింది. అప్పుడు లోపల ‘టప్’మని ఒక చప్పుడు. ఆ చప్పుడు పక్కవాడికి వినిపించకపోవచ్చు, ఆడేవాడికి మాత్రం తెలుస్తుంది. బండి జారినప్పుడూ ఇంతే. పడిపోతున్నామని ఒక కాలు కింద ఆనిస్తాం. ఆ కాలు నేల మీద కదలకుండా ఉంటుంది, బండి బరువుతో సహా ఒళ్లంతా పక్కకి ఒరుగుతుంది. ట్రాక్టరు తొట్టి మీద నుంచి దూకుతారు, ఒక కాలు ముందు పడుతుంది, అది కాస్తా లోపలికి వంగుతుంది. నెత్తిన బస్తాతో గట్టు దిగుతూ ఎవరో పిలిచారని పక్కకి తిరుగుతారు. ఇందులో చాలావాటిలో మోకాలికి దెబ్బే తగల్లేదు, గమనించారా? పైన గీరుకుపోయిన గుర్తు కూడా ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లు నమ్మరు. ఏమీ తగలందే ఏమవుతుందిరా, లేచి నడువు అంటారు.

మరి లోపల ఏమైంది? మీ చెయ్యి ఒకసారి మోకాలి మీద పెట్టుకోండి. పైనుంచి తొడ ఎముక వచ్చింది. దాని అడుగు గుండ్రంగా, రెండు బుడిపెలుగా ఉంటుంది. కింద నుంచి కాలి ఎముక వచ్చింది. దాని నెత్తి ఇంచుమించు చదును. ఆ గుండ్రటిది ఈ చదునుదాని మీద కూర్చుంది. అంతే! తుంటి దగ్గరైతే ఎముక లోతైన గుంటలో దిగి ఉంటుంది, తేలిగ్గా జారదు. మోకాలికి ఆ గుంట లేదు. ఎముకల అమరికని నమ్ముకుంటే మోకాలు మొదటి అడుగులోనే జారిపోవాలి.

జారకుండా నిలబెట్టేవి లిగమెంట్లు. మీ వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఏటవాలుగా ఒక తీగ లాగి భూమిలో పాతి ఉంటారు చూడండి, స్టే వైరు అంటారు. అందులో కరెంటు పారదు. దాన్ని ఎవరైనా కోసేసినా స్తంభం ఆ పూటే పడిపోదు. ఇళ్లలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. గాలివాన వచ్చిన రోజున తెలుస్తుంది దాని విలువ. మోకాలిలో లిగమెంటు చేసే పని అచ్చంగా అదే. తెగినా, వాపు తగ్గాక మనిషి నడవగలడు. తిన్నగా, చదునైన చోట, నెమ్మదిగా నడిస్తే ఏమీ కాదు కూడా. తెలిసేది తిరిగినప్పుడు.

ముఖ్యమైన లిగమెంట్లు నాలుగు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అవి చేసే పని గుర్తుంటే చాలు. మోకాలి నడిమధ్యన రెండు, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ ఉంటాయి. వాటిలో ముందుది ఏసీఎల్. పేపర్లో క్రీడల పేజీ చదివేవాళ్లకి ఈ పేరు పరిచయమే. కాలి ఎముక ముందుకి జారకుండా, మెలి తిరిగిపోకుండా పట్టుకునేది అది. దాని వెనక ఉన్నది పీసీఎల్. కాలి ఎముక వెనక్కి పోకుండా చూసేది. మోకాలు మడిచి ఉండగా ముందు నుంచి దెబ్బ తగిలితే, బండి మీద నుంచి పడి మోకాలి కింది భాగం రాయికి గుద్దుకుంటే, తెగేది ఇదే. మిగతా రెండూ ఇటొకటి అటొకటి, పక్కల్లో. లోపలి పక్కది ఎంసీఎల్, బయటి పక్కది ఎల్‌సీఎల్. మోకాలు పక్కలకి వంగిపోకుండా కాసేవి ఇవి.

ఇప్పుడు ఏది తెగితే ఏమవుతుందో వినండి. ఏసీఎల్ పోతే తిరిగేటప్పుడు తెలుస్తుంది. పరుగెడుతూ టక్కున ఆగినా, మలుపు తిరిగినా మోకాలు అదుపులో ఉండదు, కింద నుంచి ఎవరో లాగేసినట్టు పడేస్తుంది. పీసీఎల్ పోతే దిగేటప్పుడు తెలుస్తుంది. మెట్లు దిగుతుంటే, గట్టు దిగుతుంటే కాలి మీద నమ్మకం ఉండదు. పక్క లిగమెంట్లు పోతే పక్కకి ఒరిగేటప్పుడు తెలుస్తుంది. మళ్లీ చెబుతున్నాను. ఏసీఎల్ తిరిగేటప్పుడు, పీసీఎల్ దిగేటప్పుడు, పక్కవి ఒరిగేటప్పుడు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘నొప్పిగా ఉంది’ అని మాత్రమే చెప్పకండి. ఎప్పుడు జారుతోందో చెప్పండి. సగం రోగ నిర్ణయం ఆ మాటలోనే ఉంది.

ఇంకొక సంగతి. లిగమెంటు ఎముకల్ని పట్టి ఉంచడంతో ఊరుకోదు, మెదడుకి కబురు కూడా పంపిస్తుంది. కళ్లు మూసుకుని కాలు మడవండి, ఎంత మడిచారో మీకు తెలుస్తుంది. చీకట్లో పొలం గట్టు మీద నడుస్తూ పడిపోకుండా ఉంటున్నామంటే అందుకే. లిగమెంట్లలో ఉన్న సన్నటి నాడుల కొసలు ఆ కబురు చేరవేసేవాటిలో కొన్ని. లిగమెంటు తెగితే ఆ కబురు కూడా తెగుతుంది. తొడ కండరం ఎప్పుడు బిగుసుకోవాలో ఒక్క రెప్పపాటు ఆలస్యంగా తెలుస్తుంది. ఆ రెప్పపాటులోనే మనిషి పడతాడు.

సరే, దెబ్బ తగిలిన కుర్రాడి వెంట నడుద్దాం. పండగ రోజు సాయంత్రం బరిలో మోకాలు మెలిపడింది అనుకోండి. గంట తిరక్కుండా మోకాలు ఉబ్బింది. ఇది జాగ్రత్తగా వినాల్సిన గుర్తు. గంట రెండు గంటల్లోనే వాచిందంటే లోపల రక్తం చేరినట్టు. లిగమెంటో ఎముకో ఏదో తెగిందని, విరిగిందని లెక్క. మర్నాటికి నెమ్మదిగా వాచిందంటే చాలావరకు కీలులో ఊరే నీరు. దెబ్బ చిన్నదై ఉండొచ్చు. అందుకే వాపు ఎప్పుడు మొదలైందో గుర్తుపెట్టుకోండి.

వాచిన మోకాలు మడవడానికి రాదు, చాపడానికి రాదు. నిండా రక్తం ఉంటే ఎలా మడుస్తాం? పైగా తొడ వెనక కండరాలు భయంతో బిగుసుకుంటాయి, తొడ ముందు కండరం నిద్రపోతుంది. నిద్రపోవడమంటే ఉత్త మాట కాదండీ. వాపు ఉన్నంతకాలం ఆ కండరానికి పనిచెయ్యమనే ఆజ్ఞ సరిగ్గా అందదు. రెండు మూడు వారాల్లో ఆ తొడ సన్నబడిపోతుంది. దర్జీ టేపు ఒకటి తీసుకుని, మోకాలి చిప్పకి జానెడు పైన రెండు తొడలూ చుట్టి కొలవండి. తేడా మీకే తెలుస్తుంది.

మూడో వారానికి వాపు తీసింది. నొప్పీ తగ్గింది. కుర్రాడు నడుస్తున్నాడు. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. మన వాళ్లందరూ మోసపోయేది సరిగ్గా ఇక్కడే! నొప్పి తగ్గింది కానీ తెగింది తెగినట్టే ఉంది. నొప్పి తగ్గడం వేరు, మోకాలు కుదురుకోవడం వేరు. రెండో నెలలో బండికి కిక్కు కొడుతూ ఒకసారి, మూడో నెలలో బస్సు దిగుతూ ఒకసారి మోకాలు జారుతుంది. జారిన ప్రతిసారీ లోపల ఇంకోటి నలుగుతుంది. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తలుంటాయి. మినిస్కస్ అంటారు వాటిని. జారిన మోకాలు ఆ మెత్తని నలిపి చీలుస్తుంది. చీలిన ముక్క ఎముకల మధ్య ఇరుక్కుంటే మోకాలు అక్కడే పట్టేస్తుంది, చాపుదామన్నా రాదు. మొదటి దెబ్బకి తెగింది ఒక లిగమెంటు. నిర్లక్ష్యానికి పోయింది మోకాలు మొత్తం. ఇరవై ఐదేళ్లకి తెగిన మోకాలికి నలభై దాటేసరికే అరుగుదల మొదలైనవాళ్లు చాలామంది ఉన్నారు.

మరి ఆ మొదటి మూడు వారాల్లో మనం ఏం చేస్తున్నాం? ఇక్కడ కాస్త నిష్ఠూరంగానే మాట్లాడతాను. ఆముదం రాసి, వేడి నీళ్ల కాపడం పెట్టి, మర్దన చేసేవాడి చేత కాలు లాగిస్తాం. కొత్తగా రక్తం చేరిన చోట వేడి పెడితే వాపు పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు కావలసింది చల్లదనం. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టాలి. నేరుగా చర్మం మీద కాదు. ఇక లాగించడం సంగతి. తెగి వేలాడుతున్నదాన్ని లాగితే ఏమవుతుందో నేను చెప్పాలా?

ఇంకొకటి, ఇది చాలా మంచి మనసుతో చేసే తప్పు. మంచం మీద పడుకున్న పిల్లాడికి మోకాలి కింద దిండు పెడతాం. హాయిగానే ఉంటుంది. కానీ మోకాలు వంగి ఉండిపోతుంది. వారాల తరబడి అలా ఉంటే ఇక పూర్తిగా చాపుకోదు. మోకాలు పూర్తిగా చాపినప్పుడు ఆ చివరి కొద్దిపాటి కదలికలో కాలి ఎముక కాస్త బయటికి తిరిగి బిగుసుకుంటుంది. అలా బిగుసుకుంటేనే మనం అలసిపోకుండా గంటలకొద్దీ నిలబడగలం. అది పోతే మనిషి నిలబడ్డంతసేపూ తొడ కండరం మోయాల్సిందే. అందుకని దిండు మోకాలి కింద వద్దు. మడమ కింద పెట్టండి. మడమ కింద!

మన ప్రాంతం నుంచి కొందరు పుత్తూరు దాకా వెళతారు కట్టు కోసం. చిత్తూరు సీమలో ఆ కట్టుకి పేరుంది, కాదనను. కానీ అది ఎముకకి వేసే కట్టు. ఏసీఎల్ ఎముక కాదు. కీలు లోపల, ఎప్పుడూ జిగురు నీటిలో ఉండే లిగమెంటు అది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి అతుక్కుందామంటే ఆ నీరు నిలవనివ్వదు. అందుకే ఏసీఎల్ పూర్తిగా తెగితే తనంతట తాను సరిగ్గా అతుక్కోవడం అరుదు. పుత్తూరు కట్టయినా, ప్లాస్టర్ కట్టయినా, మెడికల్ షాపులో కొనే మోకాలి తొడుగు అయినా దాన్ని అతికించలేవు. నెలన్నర కట్టులో బిగించి ఉంచితే మోకాలు బిగుసుకుపోవడమే మిగులుతుంది. లోపలి పక్కనున్న ఎంసీఎల్ కథ వేరు. దానికి రక్తం బాగా అందుతుంది. బ్రేసు వేసి, సరిగ్గా చూసుకుంటే చాలావరకు ఆపరేషన్ లేకుండానే కుదురుకుంటుంది. చూశారా, ఒకే మోకాలు, పక్కపక్కనే ఉన్నవి, ఒకటి అతుకుతుంది, ఒకటి అతకదు. అందుకే ‘పక్కింటబ్బాయికి తగ్గింది, నాకూ తగ్గుతుంది’ అనే లెక్క మోకాలి దగ్గర పనికిరాదు.

ఎక్స్‌రే తీయించాం, ఎముక బాగానే ఉందన్నారు, ఇక భయం లేదు అంటారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. లిగమెంటు కనిపించదు. ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరగలేదని అర్థం, అంతవరకే. లిగమెంటు సంగతి ముందు చెయ్యి చెబుతుంది, తర్వాత ఎమ్మారై చెబుతుంది. చెయ్యి ఎలా చెబుతుందంటారా? మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా మడుస్తారు. డాక్టరు ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కాలి ఎముక పట్టుకుని ముందుకి లాగుతారు. మంచి మోకాలైతే కాస్త కదిలి గట్టిగా ఆగుతుంది, చేతికి తెలుస్తుంది ఆ ఆగడం. తెగిన మోకాలైతే ఆగే చోటు ఉండదు, మెత్తగా జారుతూ వస్తుంది. తర్వాత రెండో కాలు కూడా అలాగే చూస్తారు, ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే కీళ్లు వదులు. ఒక్క కాలు మాత్రమే చూసి తేల్చేసేవాళ్లని నేనైతే అంతగా నమ్మను. నిమిషం పట్టని ఈ పరీక్ష, చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే, చాలావరకు నిజం చెప్పేస్తుంది.

ఆగలేని సందర్భం ఒకటుంది. బండి ప్రమాదంలో మోకాలు వంకర తిరిగి, పాదం చల్లబడినా, పాలిపోయినా, మొద్దుబారినా, కాలి బొటనవేలు పైకి ఎత్తలేకపోయినా, తెల్లారాక చూద్దాం అనుకోకండి. కీలు తొలగి వెనకనున్న పెద్ద రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. గంటలు గడిచేకొద్దీ కాలే పోయే ప్రమాదం ఉంది. ఆ రాత్రే విజయవాడ తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న. ఏసీఎల్ తెగింది, ఆపరేషన్ తప్పదా? తప్పనిసరి కాదు. స్వీడన్‌లో 121 మంది వయసు పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. సగంమందికి మొదట్లోనే ఆపరేషన్ చేశారు. మిగతా సగానికి ముందు వ్యాయామం చేయించి, జారుడు తగ్గనివాళ్లకే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండేళ్లు పోయాక చూస్తే రెండు జట్ల వాళ్లూ ఇంచుమించు సమానంగా ఉన్నారు. వ్యాయామం జట్టులో సగానికి పైగా ఆ రెండేళ్లూ కత్తి పెట్టించుకోకుండానే గడిపేశారు. కాబట్టి చేసే పనిని బట్టి నిర్ణయం. కొట్లో కూర్చునే మనిషికి తొడ బలపడితే సరిపోవచ్చు. కబడ్డీ ఆడతానంటే, బస్తాలు మోసి గట్లు ఎక్కి దిగే బతుకైతే, వ్యాయామం చేశాక కూడా మోకాలు జారుతుంటే, ఆపరేషన్ గురించి ఆలోచించాలి. మినిస్కస్ చీలి మోకాలు పట్టేసినవాళ్లకైతే త్వరగా చేయించుకోవడమే మంచిది.

ఆపరేషన్ అంటే తెగినదాన్ని కుట్టడం కాదు. తొడ వెనక కండరపు కొస నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో ఒక పట్టీ తీసి, ఎముకల్లో సొరంగాలు చేసి, కొత్త లిగమెంటుగా అమరుస్తారు. చిన్న చిన్న రంధ్రాల్లోంచి గొట్టం కెమెరా పెట్టి చేసేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. ఇంతవరకూ డాక్టరు పని. అసలు పని ఆ తర్వాతే, అది రోగి పని. అమర్చిన పట్టీ మొదటి నెలల్లో బలపడదు సరికదా, కొంతకాలం బలహీనపడుతుంది కూడా. శరీరం దాన్ని తనదిగా మార్చుకోవడానికి నెలలు పడుతుంది. ఆటలోకి దిగడానికి కనీసం తొమ్మిది నెలలు ఆగమనేది అందుకే. మూడో నెలకి నొప్పి ఉండదు, పరుగెత్తాలనిపిస్తుంది. మళ్లీ అదే మాట: నొప్పి తగ్గడం వేరు, మోకాలు కుదురుకోవడం వేరు.

ఈ దారిలో నడిచిన మన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. పుల్లెల గోపీచంద్. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టినవారు. 1994లో పుణెలో జరిగిన జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా ఆయన మోకాలిలో ఏసీఎల్ తెగింది. వయసు ఇరవై. బ్యాడ్మింటన్ ఎలాంటి ఆటో ఆలోచించండి. ఒక్క కాలి మీద ముందుకి సాగాలి, అదే కాలి మీద వెనక్కి తిరగాలి, గాల్లోకి ఎగిరి ఒంటికాలి మీద దిగాలి. ఏసీఎల్ లేకపోతే ఏ పనులు కుదరవో సరిగ్గా ఆ పనులన్నీ కలిపితే ఆ ఆట. ఆయన ఆపరేషన్ చేయించుకున్నారు, నెలల తరబడి కండరాలకి పని చెప్పారు. 1996 నుంచి వరసగా ఐదేళ్లు జాతీయ చాంపియన్. 2001 మార్చిలో ఇంగ్లండ్‌లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అంతకుముందు 1980లో ప్రకాశ్ పదుకోన్ గెలిచాక మన దేశానికి మళ్లీ ఇదే. దెబ్బకీ గెలుపుకీ మధ్య దాదాపు ఏడేళ్లు. గెలిచిన రోజు టీవీలో అందరం చూశాం. మధ్యలో మంచం మీద, వ్యాయామ శాలలో గడిపిన రోజులు ఎవరూ చూడలేదు. మన కుర్రాళ్లకి నేను చెప్పాలనుకునేది ఆ చూడని రోజుల గురించే.

క్రికెటర్ రిషభ్ పంత్ సంగతి మీకు తెలుసు. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదం. మోకాలిలో ఒకటికి మించి లిగమెంట్లు తెగాయి. మళ్లీ ఐపీఎల్‌లో కనిపించింది 2024 మార్చిలో. పక్కన ఫిజియోలు, ప్రపంచంలో దొరికే సదుపాయాలన్నీ ఉన్న మనిషికే పదిహేను నెలలు పట్టింది. మన పిల్లాడు మూడో నెలలో బరిలోకి దిగుతానంటే ఏమనాలి?

వ్యాయామం అంటే పెద్ద జిమ్ము అక్కర్లేదు. డాక్టరు సరేనన్నాక నేల మీద చాప పరుచుకుని మొదలుపెట్టొచ్చు. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని నేలకి నొక్కాలి. ఐదు లెక్కపెట్టేదాకా నొక్కి వదలాలి. తొడ మీద చెయ్యి వేసి చూడండి, కండరం గట్టిపడుతోందా? పడితేనే లెక్క. తువ్వాలు నొక్కడం అయిపోగానే తీసేయండి, ఇందాక దిండు గురించి చెప్పింది గుర్తుందిగా. తర్వాత మడమ నేల మీద జరుపుతూ మోకాలు మడవడం. కొంత బలం వచ్చాక ఒంటికాలి మీద నిలబడటం, పక్కన గోడ ఉండాలి సుమా. ఈ ఒంటికాలి నిలుపు చిన్నదనుకోకండి. తెగిపోయిన ఆ కబురు మెదడుకి మళ్లీ వేరే దారుల్లో చేరేది దీనివల్లనే.

మడత విషయంలో మన అవసరాలు వేరు. నడవడానికి మోకాలు 60 డిగ్రీలు మడిస్తే సరిపోతుంది. కుర్చీలో కూర్చోవడానికి 90. కానీ మనం గొంతుక్కూర్చుని కలుపు తీస్తాం, బాసింపట్టు వేసుకుని అన్నం తింటాం. దానికి 130 డిగ్రీలు దాటి మడవాలి. అందుకని వైద్యుడితో మొదటి రోజే చెప్పండి, నేను కింద కూర్చుని పనిచేసే మనిషిని అని. మొదటి నెలల్లో మాత్రం గొంతుక్కూర్చోవద్దంటే కూర్చోకండి. చేలో పనికి చిన్న పీట తీసుకెళ్లండి, ఎవరేమన్నా అననివ్వండి.

ఆడపిల్లల గురించి ఒక మాట. ఒకే ఆట ఆడే మగపిల్లల కంటే ఆడపిల్లలకి ఏసీఎల్ తెగే ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగడం అందులో ఒక కారణం. దీనికి మందు, ఆడించకపోవడం కాదు! దిగడం నేర్పడం. దూకినప్పుడు రెండు కాళ్ల మీద, మోకాళ్లు కొంచెం మడిచి, మోకాలి చిప్ప కాలివేళ్ల వైపు చూసేలా దిగమని చెప్పాలి. బడిలో ఖోఖో, కబడ్డీ ఆడించే వ్యాయామ ఉపాధ్యాయులు ఆటకి ముందు పదిహేను నిమిషాలు ఇలా దూకించి, ఆపి, తిప్పి, ఒంటికాలి మీద నిలబెడితే మోకాలి దెబ్బలు బాగా తగ్గుతాయని ఎన్నో దేశాల్లో రుజువైంది. మగపిల్లలకీ ఇదే చేయించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

పండగ పోటీలు పెట్టే పెద్దలకి ఒక మనవి. బహుమతికి వేలు ఖర్చుపెడుతున్నారు. బరిలో నల్లమట్టి గడ్డలు ఏరించి, నేల చదును చేయించి, మీద మెత్తటి ఇసుకో పొట్టో సమంగా పరిపించండి. ఒక పెట్టె నిండా ఐసు ఉంచండి. మోకాలు మెలిపడి చప్పుడు వినిపించిందన్న కుర్రాణ్ణి ఆ రోజు మళ్లీ కూతకి పంపకండి. జట్టు ఓడిపోతే ఓడిపోనివ్వండి.

ఇక ఇంట్లో ఈ ప్రసంగం వింటున్న అమ్మలకి, నాన్నలకి. మీ పిల్లాడికి నెల కిందటో, ఆరు నెలల కిందటో మోకాలు వాచి తగ్గిపోయిందా? అయితే ఈ రాత్రి రెండు తొడలూ టేపుతో కొలవండి. మెట్లు దిగమనండి. తిరిగేటప్పుడు కాలు జారుతోందా అని అడగండి. తేడా ఉంటే నందిగామ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి, వాళ్లు పంపిస్తే విజయవాడ పెద్దాసుపత్రిలో ఎముకల విభాగానికి వెళ్లండి. ఖర్చు గురించి బెంగపెట్టుకుని ఇంట్లో కూర్చోకండి. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం ఉన్న ఆసుపత్రుల్లో ఆ పథకం పని చూసేవారు ఒకరుంటారు, మీ కార్డు చూపించి అడగండి. పాత దెబ్బ కదా, ఇప్పుడేం చేస్తారులే అనుకోవద్దు. మినిస్కస్ చీలకముందు వచ్చిన మోకాలికి ఎంత పాతదైనా చెయ్యగలిగింది చాలా ఉంది. ఈ వారమే తీసుకెళ్లండి.